ప్లాస్టిక్ బాడీ .32 పిస్టల్, ఏడాది వాడకం: రెండుసార్లు ఇరుక్కుంది. ఉంచుకోనా, అమ్మేయనా?

#1 రొయ్యలగుంట (కావలి)

అందరికీ నమస్కారం. మాది తుమ్మలపెంట వైపు, రొయ్యల గుంటలు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజుల్లో డబ్బుతో చీకట్లో గట్ల మీద రావాల్సి ఉంటుంది, అందుకని లైసెన్స్ తీసుకున్నాను. పిస్టల్ కొని ఏడాది దాటింది. చిన్నది (.32 అన్నది తూటా సైజు), ఫ్రేమ్ మొత్తం పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్. పైన ముందుకీ వెనక్కీ జారే స్లైడు, గుండు పోయే గొట్టం బారెల్ స్టీలు. ఖాళీగా అర కిలోకి కొంచెం ఎక్కువ.

ముందు బాగున్నవి చెప్తాను. నడుముకి పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. మా నాయన పాత ఇనప పిస్టల్ ఒకవైపు ప్యాంటు లాగేసేది. మే నెల ఎండలో కూడా పిడి చెయ్యి కాల్చదు. చెమట చేతిలో జారదు, గరుకుగా ఉంటుంది. ఉప్పుగాలికి ఫ్రేమ్ తుప్పు పట్టే ప్రశ్నే లేదు. స్లైడుకి మాత్రం వారం వారం ఆయిలు ధారగా పోసి తుడుస్తాను.

ఇప్పుడు బాధ. హైదరాబాదులో రేంజికి పోయి ఇప్పటిదాకా మొత్తం 40 తూటాలు కాల్చాను (లైసెన్స్ ఆలిండియాకి ఉంది). అందులో రెండుసార్లు ఇరుక్కుంది. 40కి 2! అవసరం పడిన రోజు ఆ రెండోసారే వస్తే నా గతేంది? కంపెనీ వాళ్ళని అడిగితే "వాడే కొద్దీ సర్దుకుంటుంది" అన్నారు. అదేమన్నా కొత్త చెప్పులా సర్దుకోవడానికి?

ఇలాంటిది వాడుతున్న వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

#2 పెన్నాగాలి (నెల్లూరు)

ఏ కంపెనీ అన్నా? ఫోటో పెట్టు.

#3 నిర్వాహకుడు

ఈ చర్చలో కంపెనీ పేర్లు, దుకాణాల పేర్లు, పిస్టల్ నంబరు కనిపించే ఫోటోలు వద్దు. అమ్మకం బేరాలు కూడా ఇక్కడ పెట్టకండి. అనుభవాలు రాయండి, చాలు.

#4 హవల్దారు_రిటైర్డ్ (టంగుటూరు)

నేను చెప్పేది చాలామందికి నచ్చదు. పిస్టల్ అంటే బరువుండాలి. సర్వీసులో మేము 9 ఎంఎం 1ఏ వాడాం. ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసేది, 13 తూటాలు పట్టేది, బ్రౌనింగ్ హైపవర్ అనే విదేశీ పిస్టల్‌కి తమ్ముడు. ఖాళీదే కిలోకి దగ్గర తూగేది. కాల్చితే చేతిలో కుదురుగా ఉండేది. ఆ బరువే సగం పని చేసిపెట్టేది. ఈ ప్లాస్టిక్‌వి బొమ్మ తుపాకుల్లా ఉన్నాయి. 40కి 2 ఇరుక్కుందంటే నేనైతే ఒక్క రోజు కూడా ఉంచను.

#5 డల్లాస్_నెల్లూరోడు (టెక్సాస్)

బాబాయ్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ప్లాస్టిక్ మీద మీ కోపం పాతది. పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్ జర్మనీలో 1970లోనే వచ్చింది, హెక్లర్ అండ్ కోక్ వాళ్ళ వీపీ70. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 తీసుకున్నాక లోకమంతా అటు తిరిగింది. మన ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతిలో ఉండేదీ గ్లాకే.

నా దగ్గర గ్లాక్ 19 ఉంది. 1988లో వచ్చిన మోడల్, 17కి చిన్నది. నాది తర్వాతి తరందనుకోండి. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్ళు ముట్టుకోలేదు. ఆ వీసాల వాళ్ళు తుపాకీ ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టంలో నేరం. వేట లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి గానీ ఆ తలనొప్పి ఎవరికి కావాలి? గ్రీన్‌కార్డ్ వచ్చాకే కొన్నాను. నాలుగేళ్ళలో 3000 దాకా కాల్చాను, ఇరుక్కున్నది ఒక్కసారి. అది కూడా మా ఆవిడ కాల్చినప్పుడు.

కావలి అన్నా, 40 తూటాలతో ఏం తేలదు. ఇక్కడ కొత్త పిస్టల్ మీద కనీసం 300, 500 కాల్చందే దాన్ని నమ్మరు.

#6 నల్లరాయి (చీమకుర్తి)

300 కాల్చాలా? తమ్ముడూ, నీకు డల్లాసులో 50 తూటాల పెట్టె షాపులో ఉప్పు ప్యాకెట్‌లా దొరుకుతుంది. ఇక్కడ ఒక్కో తూటా ఒక పూట భోజనం ఖర్చు. అదీ లైసెన్స్‌లో రాసినన్నే ఇస్తారు. కొన్న ప్రతిదీ లెక్క రాయాలి. డీలర్ దగ్గర స్టాకు లేకపోతే నెలల తరబడి ఎదురుచూపే. 500 కాల్చి నమ్మాలంటే నాకు మనవడు పుట్టేస్తాడు.

నాది పాత స్టీలు .32. మా నాన్న హయాం నుంచి ఇంట్లో ఉంది. అప్పట్లో మూడు ఆయుధాలు ఉండేవి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి రెండే అన్నారు, ఒకటి వదులుకున్నాం. ఈ స్టీలుది 15 ఏళ్ళలో నేను కాల్చింది 60 కూడా ఉండదు. ఇరుక్కోలేదు. అంటే అది మంచిదనా, నేను కాల్చలేదనా? నిజంగా తెలియదు.

#7 పెన్నాగాలి (నెల్లూరు)

డల్లాస్ అన్నా, ఈసారి సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా 😀 ప్లాస్టిక్‌దే గదా, ఎయిర్‌పోర్ట్ మెషిన్‌లో కనపడదంట.

#8 డల్లాస్_నెల్లూరోడు (టెక్సాస్)

తమ్ముడూ, ఇది సరదాకి కూడా అనకు. కనపడదన్నది 1980ల నాటి పుకారు. స్లైడు స్టీలు, బారెల్ స్టీలు, స్ప్రింగు స్టీలు, తూటా ఇత్తడి, సీసం. స్లైడు జారే పట్టాలకి ఫ్రేమ్‌లో కూడా స్టీలు ముక్కలే పొదుగుతారు. ఎక్స్‌రేలో పిస్టల్ పిస్టల్‌లాగే కనపడుతుంది. పైగా నా గ్లాక్ వాడే 9 ఎంఎం తూటా మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధించిన సైజు). మామూలు పౌరుడికి ఆ ముచ్చటే లేదు.

నేను ఇండియా వచ్చే ముందు రేంజికి తీసుకెళ్ళే బ్యాగుని అటక మీద పడేసి వేరే బ్యాగు తెచ్చుకుంటా. అడుగున ఒక్క తూటా మర్చిపోయినా ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, ఇక కేసు, వకీలు.

#9 పదిమీటర్లు (నెల్లూరు)

నేను ఎయిర్ పిస్టల్ షూటర్‌ని, .22 కూడా కాలుస్తాను. కావలి అన్నా, "రెండుసార్లు ఇరుక్కుంది" అన్నారు గానీ ఎట్లా ఇరుక్కుందో చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోయి ఒంట్లో బాలేదని ఊరుకున్నట్టుంది. ఇవి చెప్పండి:

ఇరుక్కుంది కొత్త తూటానా, కాలిన ఖోకానా (పేలాక మిగిలే ఖాళీ గొట్టం)? స్లైడు ఎంతవరకు వచ్చి ఆగింది? రెండుసార్లూ ఒకే మ్యాగజైనా (తూటాలు నింపే పెట్టె)? అప్పుడు కాలుస్తున్నది మీరేనా?

#10 రొయ్యలగుంట (కావలి)

అక్కా, మీరు అడిగాక ఫోన్‌లో పాత ఫోటోలు వెతికాను.

మొదటిసారి: కొత్త తూటా. స్లైడు సగం వచ్చి ఆగిపోయింది. మ్యాగజైన్ తీస్తే పైన రెండు తూటాలు ఒకదానికొకటి పెనవేసుకున్నట్టున్నాయి, బొటనవేలితో నెట్టినా పైది ముందుకు కదల్లేదు. కాలుస్తున్నది నేనే.

రెండోసారి: కాలిన ఖోకా. బయటికి పోకుండా స్లైడు కిటికీలో పొగగొట్టంలా నిలబడింది. అప్పుడు మా బావమరిది కాలుస్తున్నాడు, అతనికి అదే మొదటిసారి. మ్యాగజైన్లు రెండున్నాయి, ఏది ఎప్పుడు వాడానో గుర్తులేదు.

#11 పదిమీటర్లు (నెల్లూరు)

ఇవి రెండు వేరు వేరు జబ్బులు అన్నా. దేనికీ ప్లాస్టిక్‌ని నేరుగా తిట్టలేం.

మొదటిది రిమ్‌లాక్. .32 తూటాని తుపాకుల రూపకర్త బ్రౌనింగ్ 1899 నాటికే తయారుచేశాడు, దాని అడుగు అంచు ఒంటికంటే కొంచెం వెడల్పుగా బయటికి ఉంటుంది. 9 ఎంఎంకి ఆ అంచు లేదు. మ్యాగజైన్‌లో ప్రతి పై తూటా అంచు, కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక్కి జారిందా, రెండూ కొక్కెం వేసుకుంటాయి. స్లైడు పైదాన్ని నెడుతుంది, కిందిది వదలదు. నింపేటప్పుడు తొందరపడినా ఇలా అవుతుంది, నింపిన మ్యాగజైన్ ఊగిసలాడుతూ తిరిగినా అవుతుంది. మీరు దాన్ని ఎందులో పెట్టుకొని తిరుగుతారు?

రెండోది పట్టు. స్లైడు వెనక్కి పోవాలంటే ఫ్రేమ్ గట్టిగా ఒకచోట నిలబడాలి. మణికట్టు వదులైతే ఫ్రేమ్ కూడా స్లైడుతోపాటే వెనక్కి పోతుంది, స్లైడు పూర్తి దూరం పోదు, ఖోకా బయట పడదు. ఇక్కడ హవల్దారు బాబాయ్ అన్నదాంట్లో నిజం ఉంది. బరువైన స్టీలు ఫ్రేమ్ వదులు చేతిని కొంత క్షమిస్తుంది, తేలిక ఫ్రేమ్ క్షమించదు. డల్లాస్ అన్న వాళ్ళావిడకి జరిగింది కూడా అదే అయ్యుంటుంది.

#12 రొయ్యలగుంట (కావలి)

రెండో మ్యాగజైన్ బండి సీటు కింద డబ్బాలో పెడతాను అక్కా. మా గట్టు రోడ్డు సంగతి తెలిసిందే, నడుములే జారిపోతాయి, తూటాలొక లెక్కా.

#13 హవల్దారు_రిటైర్డ్ (టంగుటూరు)

బండి సీటు కిందనా!! తూటాలున్న మ్యాగజైన్‌ని బండిలో వదిలి టీ కొట్టుకి పోతావా? లైసెన్స్ రద్దు చేసుకోవాలనుందా? మీ మీదే ఉండాలి, లేదంటే ఇంట్లో తాళం కింద ఉండాలి. మూడో చోటు లేదు.

అమ్మాయి చెప్పిన పట్టు సంగతి ఒప్పుకుంటున్నా. కొత్త కుర్రాళ్ళకి మా ఉస్తాద్ పిస్టల్ ఇచ్చే ముందు ఇటుక పట్టించేవాడు, చేయి చాచి నిలబడమని. అప్పుడు తిట్టుకున్నాం.

#14 రొయ్యలగుంట (కావలి)

తప్పే బాబాయ్. ఇవాళే తీసేశాను.

#15 నల్లరాయి (చీమకుర్తి)

నాదొక సందేహం. ఆ మధ్య ఒక మిత్రుడి పిస్టల్ రేంజిలో పట్టుకున్నా, పాలిమర్‌ది, క్రీడాకారుల కోటాది. నాదానికంటే పెద్ద తూటా, కానీ స్లైడు లాగడం నాదానికంటే తేలిగ్గా ఉంది. నా .32 స్లైడు లాగాలంటే మోకాళ్ళ మధ్య పెట్టుకోవాలనిపిస్తుంది. పెద్ద తూటాకి గట్టి స్ప్రింగు ఉండాలి గదా?

#16 డల్లాస్_నెల్లూరోడు (టెక్సాస్)

మంచి ప్రశ్న అన్నా. చాలా .32లు బ్లోబ్యాక్ పద్ధతివి. బారెల్, స్లైడు ఒకదానికొకటి తాళం పడవు. పేలినప్పుడు స్లైడుని ఆపేది దాని బరువు, స్ప్రింగు మాత్రమే. అందుకని స్ప్రింగు బిగుతుగా పెడతారు. 9 ఎంఎం వాటిలో ఎక్కువ భాగం బారెల్ స్లైడుకి తాళం పడి కొంత దూరం రెండూ కలిసి వెనక్కి పోతాయి, తర్వాత బారెల్ వెనక భాగం కిందికి వంగి విడిపోతుంది. ఆ పని తాళం చేస్తుంది కాబట్టి స్ప్రింగు మరీ గట్టిది అక్కర్లేదు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఖాళీ గ్లాక్ స్లైడు లాగి "ఇంతేనా" అంది. పిండి రుబ్బిన చేతులు మరి.

చిన్న పిస్టల్ కదా ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి సులువు అనుకొని కొంటారు. చాలాసార్లు అది తలకిందులు.

#17 పెన్నాగాలి (నెల్లూరు)

ఇంత గొడవెందుకు? అన్నకి సొంత గుంటలున్నాయి. రాత్రిపూట గట్టు మీద నాలుగు పేల్చి చూస్తే సరి. నీటికాకులు కూడా పారిపోతాయి.

#18 నిర్వాహకుడు

ఇలాంటి సలహా ఇక్కడ మళ్ళీ కనిపిస్తే సభ్యత్వం ఉండదు. ఆత్మరక్షణకి ఇచ్చిన లైసెన్స్‌తో బయట పరీక్షలు చేయకూడదు. 2019 సవరణ ప్రకారం నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే, పెళ్ళిళ్ళలో పేల్చినా అంతే, రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నీళ్ళ మీద తగిలిన తూటా ఎగిరి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అవతలి గట్టున కాపలా మనిషి నిద్రపోతుంటాడు.

#19 పెన్నాగాలి (నెల్లూరు)

సారీ సార్. తమాషాకి అన్నా.

#20 పదిమీటర్లు (నెల్లూరు)

నల్లరాయి అన్న బాధ నాకర్థమైంది. తూటాలే లేనప్పుడు నమ్మకం ఎలా? నా పద్ధతి చెప్తాను. తక్కువ కాల్చేవాళ్ళు లెక్క ఎక్కువ రాసుకోవాలి.

మ్యాగజైన్ల అడుగున గోళ్ళ రంగుతో 1, 2 అని గుర్తు పెట్టండి. నోటు పుస్తకంలో తేదీ, ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎవరు కాల్చారు, ఏమైంది, ఇంతే. తప్పు మ్యాగజైన్‌దా, మనిషిదా, పిస్టల్‌దా అన్నది 50 తూటాలకే కొంత బయటపడుతుంది. లెక్కలేకుండా 500 కాల్చినా "అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది" అన్న మాటే మిగులుతుంది.

మిగిలిన సాధన ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో. అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీయేనా అని రెండుసార్లు చూసి, గట్టి గోడ వైపు. డమ్మీ తూటాలు దొరికితే అవి వాడండి. నేను పోటీల ముందు రోజూ అరగంట గోడ ముందే నిలబడతాను, ఒక్క గుండు కూడా ఖర్చు కాదు.

ఇంకోటి, ఆయిలు ధారగా పోస్తానన్నారు. అది నాకు నచ్చలేదు.

#21 నల్లరాయి (చీమకుర్తి)

ఆయిలు గురించి నా దగ్గర వినండి. మా క్వారీల దగ్గర గాల్లోనే రాయి ఉంటుంది. ఒకసారి ఇలాగే బాగా ఆయిలు పోసి పెట్టా. నెల తర్వాత విప్పితే లోపల బూడిద రంగు పేస్టు. గ్రానైట్ పాలిష్‌కి మేము వాడేదే ఇంచుమించు! స్లైడు గీతలు పడిపోయింది. అప్పటినుంచి చుక్క వేస్తాను, గుడ్డతో మళ్ళీ తీసేస్తాను. చేతికి తడి తెలిస్తే ఎక్కువైనట్టే.

తోలు పౌచులో మాత్రం దాచిపెట్టకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది. వానాకాలంలో రెండు వారాలకే స్లైడు మీద ఎర్ర చుక్కలు వచ్చాయి నాకు. చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లాలు దాచి డబ్బాలో వేస్తా, అప్పుడప్పుడు కొత్తవి మారుస్తా.

#22 హవల్దారు_రిటైర్డ్ (టంగుటూరు)

ఇవన్నీ సరే. పక్కన సేఫ్టీ మీట ఉందా లేదా నీ దానికి?

#23 రొయ్యలగుంట (కావలి)

లేదు బాబాయ్. ట్రిగ్గర్ మధ్యలో చిన్న రేకు ఉంటుంది, వేలు దాని మీద పడితేనే నొక్కుకుంటుంది. కింద పడితే పేలకుండా లోపల ఇంకో అడ్డు ఉంది అన్నారు. నేను చాంబర్ ఖాళీగానే ఉంచుతా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నంబరు తాళం పెట్టె గోడకి బిగించాను. మా ఆవిడకి ఇప్పటికీ భయమే, ఆ గదిలో ఊడ్చదు.

#24 డల్లాస్_నెల్లూరోడు (టెక్సాస్)

చాంబర్ ఖాళీ మంచిదే. మీట లేని వాటికి హోల్‌స్టరే (పిస్టల్ పెట్టుకునే ఒర) అసలు సేఫ్టీ. ట్రిగ్గర్ పూర్తిగా మూసేసే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ కావాలి. లోపల పెట్టేటప్పుడు చూస్తూ పెట్టండి. చొక్కా కొస, లుంగీ చెంగు, నాడా ఏదైనా ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుంటే దానికి వేలికీ తేడా తెలియదు.

#25 నల్లరాయి (చీమకుర్తి)

లుంగీలో పిస్టల్ పెట్టుకునే మొనగాడు ఎవరయ్యా 😀

#26 రొయ్యలగుంట (కావలి)

...నేనే. పట్టుబడి రోజు బురదలో ప్యాంటు ఎవరేసుకుంటారు అన్నా. బెల్టు కట్టుకుంటాలే పైన.

#27 రొయ్యలగుంట (కావలి)

మూడు వారాల తర్వాత వచ్చా. రేంజికి పోయొచ్చాను. అక్క చెప్పినట్టు పుస్తకం రాశా. తూటాలు 50.

మ్యాగజైన్ 1, నేను: 20. ఏమీ లేదు.
మ్యాగజైన్ 2, నేను: 16. ఏమీ లేదు. నింపేటప్పుడు ఒక్కొక్కటి పై అంచు ముందుండేలా చూసి పెట్టా. టైము పట్టింది గానీ కొక్కెం పడలేదు.
మ్యాగజైన్ 1, బావమరిది: 7. మూడోదానికి మళ్ళీ పొగగొట్టం. కోచ్ వచ్చి మోచెయ్యి సరిచేసి పిడి గట్టిగా పట్టించాడు. మిగతా నాలుగు శుభ్రంగా పోయాయి.
మ్యాగజైన్ 2, నేను: 7. ఇక్కడ కొత్త సంగతి. ఐదో తూటాకి ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంది, పేలలేదు. కోచ్ చెప్పినట్టు అర నిమిషం అలాగే టార్గెట్ వైపే పట్టుకొని ఉన్నా. తీసి చూస్తే తూటా వెనక సూది (కొట్టి పేల్చే పిన్ను) గుర్తు సన్నగా పడింది. మళ్ళీ పెడితే పేలింది.

ఇప్పుడు ఇదేంది? అమ్మడం మానుకుందామనుకునే లోపల ఇంకోటి.

#28 హవల్దారు_రిటైర్డ్ (టంగుటూరు)

ఆయిలు! పిన్ను ఉండే బొక్కలోకి ఆయిలు దిగుంటుంది. లోపల మురికితో కలిసి చిక్కబడితే పిన్ను ఊపు తగ్గుతుంది, తూటా వెనక ముద్దు పెట్టినట్టు తగులుతుంది. ఆ బొక్క ఎప్పుడూ పొడిగా ఉండాలి. నా సర్వీసులో చలిప్రాంతంలో ఇలాంటివి చూశా, అక్కడ ఇంకా తొందరగా గడ్డకట్టేది.

#29 పదిమీటర్లు (నెల్లూరు)

నేనూ మొదట దాన్నే అనుమానిస్తా. కానీ తూటా తప్పు కూడా కావచ్చు, ఒక్కదానితో చెప్పలేం. సూది భాగం మీరే ఊడదీయొద్దు, లైసెన్స్ ఉన్న రిపేరు మనిషి చేత శుభ్రం చేయించండి. తర్వాత అదే పెట్టెలోని తూటాలతో మళ్ళీ చూడండి. పుస్తకంలో పెట్టె మీది లాట్ నంబరు కూడా రాయండి, అది మొన్న చెప్పడం మర్చిపోయా.

#30 డల్లాస్_నెల్లూరోడు (టెక్సాస్)

36 మీరు కాల్చినవి వరసగా శుభ్రంగా పోయాయి అన్నా. నేనైతే అమ్మను. నా 3000కి ఇలాంటి పుస్తకం లేదు, నిజం చెప్పాలంటే ఒక్కసారే ఇరుక్కుందన్నది కూడా గుర్తున్నంతవరకే.

#31 నల్లరాయి (చీమకుర్తి)

నేనూ ఒక పుస్తకం కొన్నా. 15 ఏళ్ళ తర్వాత మొదటి పేజీ 😀 వచ్చే నెల రేంజికి పోతున్నా, కావలి తమ్ముడు వస్తానంటే కారులో చోటుంది.

#32 రొయ్యలగుంట (కావలి)

రాలేను అన్నా. రిపేరు అయిపోయింది, పిన్ను బొక్కలోంచి నల్లటి జిగురు తీశాడు, చూపించాడు కూడా. కానీ నిన్న స్టేషన్ నుంచి ఫోను. ఎన్నికలంట, ఆయుధాలు తెచ్చి డిపాజిట్ చేయమన్నారు. పొద్దున్నే ఇచ్చి రసీదు తీసుకున్నా. పోయిన 2024 ఎన్నికలప్పుడు మా నాయన పిస్టల్ ఇస్తే తిరిగొచ్చేటప్పటికి స్లైడంతా ఎర్రగా ఉంది. ఈసారి పల్చగా ఆయిలు తుడిచి, సిలికా పొట్లాలు రెండు వేసి, పెట్టెతో సహా ఇచ్చా. కానిస్టేబుల్ ఆ పొట్లాలు చూసి "ఇదేందన్నా, మందా?" అన్నాడు.

తిరిగొచ్చాక మిగతా తూటాలు కాల్చి రాస్తా.